అన్న విన్న పాట

మా అన్నకు ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన ప్రాణం పెట్టుకున్న పాట మాత్రం ఇంగ్లీషుదే. జూరాల దగ్గర ఆనకట్ట పనులు జరిగే రోజుల్లో అన్న అక్కడ బండలకు బెజ్జాలు వేసే మిషన్ మీద పనిచేసేవాడు. బదిలీ అయి వెళ్ళిపోతున్న ఇంజనీరొకాయన, సెల్లులతో నడిచే చిన్న గ్రామఫోను పెట్టెనూ ఒకే ఒక్క చిన్న రికార్డునూ అన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. ఒక వైపు గీతలు పడి పాడైపోయింది. రెండో వైపు గిటార్లు, డ్రమ్ములు, వాటి నడుమ బరువైన ఒక మగ గొంతు. మా ఇంట్లో ఉన్న సంగీతం మొత్తం అదే. వనపర్తి హాస్టల్లో ఉండి చదువుకునే నేను సెలవులకు గద్వాల వచ్చినప్పుడల్లా ఆ గొంతుకే నిద్ర లేచేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకు అన్న ఎడమ చెవి పూర్తిగా పోయింది. అన్నేళ్ళు ఆ బెజ్జాల మిషన్ పక్కన నిలబడితే పోదా మరి! కర్నూలు తీసుకుపోతే, కుడి చెవి కూడా అదే దారిలో ఉందనీ, ఎప్పుడు పోతుందో చెప్పలేమనీ, చెవికి మిషన్ పెట్టుకుంటే కొన్నాళ్ళు సాయపడుతుందనీ డాక్టరు చెప్పాడు. దవాఖాన మెట్లు దిగుతూ అన్న నన్ను అడిగింది ఒకటే.

"తమ్మీ, ఇది గూడ పోకముందుకే ఆ పాట ఒక్కసారి వినాలె. జర చూడు."

పాత రికార్డు ఎప్పుడో రేకుల కింది ఎండకు అప్పడంలా వంకర పోయింది. పెట్టె కూడా పాడై అటకెక్కింది. అయితేనేం, ఇదేమంత పని అనుకున్నాను. నాగర్‌కర్నూల్లో పిల్లలకు పాఠాలు చెప్పుకునే పంతుల్ని నేను. రికార్డు మీద ఉన్న పాట పేరు, పాడినవాళ్ళ పేరు ఏనాడో నోట్సులో రాసిపెట్టుకున్నాను. హైదరాబాద్ వెళ్ళి కోఠిలో సీడీ కొన్నాను. గద్వాలలో పాట పెట్టగానే అన్న కుడి చెవి స్పీకరుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సగం కూడా కాకముందే తల అడ్డంగా ఊపాడు.

"గిది గాదు. గొంతు పల్చగున్నది. ఎవడో ఎన్క తరుముతున్నట్టు పాడుతుండు."

సీడీల్లో పాత పాటల్ని కడిగి శుభ్రం చేస్తారట, అందుకేనేమో అనుకుని ఇంకో సీడీ తెచ్చాను. అది జనం ముందు పాడిందట. ఈలలు, చప్పట్లు. అన్న దాన్ని పూర్తిగా విననైనా వినలేదు. మూడోసారి పెద్ద రికార్డు దొరికింది. వనపర్తిలో నాకు తెలిసిన రేడియో మెకానిక్ దుకాణంలో గ్రామఫోను ఉంటే, అన్నను బస్సెక్కించి అక్కడికి తీసుకుపోయాను. ఇందులో గిటారు చాలాసేపు సాగింది. ముల్లు గీరే చప్పుడు పాతదాని లాగే ఉందన్నాడు అన్న. నేను సంబరపడేలోపే, గొంతు మాత్రం వాడిది కాదన్నాడు.

నాకు లోపల మండుతూనే ఉంది. ఉన్న ఆ కాస్త చెవి ఎప్పుడు మూసుకుంటుందో తెలియదు. ఈయనేమో తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. చివరికి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో పాత సామాన్ల కుప్పలో అచ్చం మా చిన్న రికార్డే దొరికింది. అదే రంగు కాగితం, దాని మీద అదే నంబరు. అన్నను మళ్ళీ వనపర్తి దుకాణానికి తీసుకుపోయి, వంకర పోయినదాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి వేలితో చూపించాను. మెకానిక్ ముల్లు ఆనించాడు. అన్న మొత్తం విన్నాడు. ఎంతో ఆశతో విన్నాడు, అది ముఖంలో కనబడుతూనే ఉంది. అయిపోయాక మెల్లగా, "ఇది గూడ గాదు తమ్మీ," అన్నాడు.

నాకు తిక్క రేగింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని బడిలో పిల్లలకు చెప్పేది నేనే.

"మారింది పాట గాదన్నా, నీ చెవులు. పోయిన చెవులు పెట్టుకొని ఇది గాదు, అది గాదు అంటె నేనేం చెయ్యాలె?"

మెకానిక్ తల వంచుకుని పని చేసుకుంటున్నట్టు నటించాడు. అన్నకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

"గంతే కావచ్చు తీ," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన తన చెవిని నమ్మడం మానేశాడు. వదిన పిలిస్తే పిలిచావా అని తిరిగి అడిగేవాడు. బస్సు హారన్ విని కూడా, వచ్చింది బస్సేనా అని నా వైపు చూసేవాడు. చెవి మిషన్ కొందామంటే వద్దన్నాడు. తప్పు వినే చెవికి మిషన్ దేనికి అన్నాడు. ఎన్ని విధాల బతిమాలినా వినలేదు.

నేనన్న మాట నన్నే తింటుంటే, ఆ పెట్టెలోనైనా వినిపిద్దామని అటక మీది పాత పెట్టె దింపి, బాగుచేయమని మెకానిక్‌కు ఇచ్చి వచ్చాను. దానికి బెల్టు దొరకలేదని నన్ను నెలల తరబడి తిప్పాడు. ఆలోగా వానాకాలం వచ్చింది. అన్నకు జ్వరం వచ్చి వారం రోజులు మంచం పట్టాడు. జ్వరం దిగిన రోజుకు కుడి చెవి కూడా పోయింది. ఇక కాకులు అరిచినా, కుక్కర్ కూసినా ఆయనకు ఒకటే.

పెట్టె నడుస్తోందని మెకానిక్ ఫోన్ చేసింది ఆ తర్వాత నెలకు. వెళ్ళాను. కొత్త సెల్లులు వేసి చిన్న రికార్డు పెడితే అదే పల్చని గొంతు. అప్పుడు మెకానిక్ సెల్లులు పెట్టే చోటి చిలుము చూపించి, "సార్, దీంట్ల ఎన్నడన్న కొత్త సెల్లు వేసిన్రా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో కొత్త సెల్లులు చేనికి పోయే టార్చిలైటుకే. టార్చి మసకబారాక వాటిని తీసి, గోడ మీద ఎండబెట్టి పెట్టెలో వేసేవాళ్ళం. మళ్ళీ నీరసిస్తే మళ్ళీ ఎండబెట్టేవాళ్ళం. మా పాలమూరు జిల్లాలో ఎవరింట్లో చూసినా అంతే. మెకానిక్ తన టార్చిలోని నీరసపు సెల్లులు తీసి పెట్టెలో వేశాడు. రికార్డు మెల్లగా తిరిగింది. గొంతు బరువెక్కింది. మా ఇంటి పాట వచ్చింది.

మా ఇంట్లో ఆ రికార్డు ఒక్కనాడూ సరైన వేగంతో తిరగలేదు. నాలుగుసార్లూ అన్న సరిగ్గానే విన్నాడు. నాలుగుసార్లూ నేనే తప్పు.

ఆ మధ్యాహ్నమే పెట్టె పట్టుకుని గద్వాల పోయాను. అన్న వాకిట్లో పల్లికాయ ఒలుస్తున్నాడు. నోట్సులో పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. నీ చెవులు బాగనే ఉండె అన్నా, పెట్టెనే మెల్లగ తిరిగేది, తప్పంత నాదే అని. ఆయన ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. నేను పాట పెట్టాను. ఆయన పెట్టె వైపు చూడలేదు, నా ముఖంలోకి చూశాడు.

"వస్తున్నదా?" అని గట్టిగా అడిగాడు. తల ఊపాను.

"అదేనా?"

అదే అని మళ్ళీ తల ఊపాను. ఎన్నిసార్లు ఊపానో. అన్న నవ్వాడు, వెక్కిరింపుగా కాదు.

"నువ్వు అదే అంటె ఎట్ల నమ్మాలె రా? నాలుగుసార్లు గట్లనే అంటివి."

పాట అయిపోయేదాకా పల్లికాయ పక్కన పెట్టి నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను.