బెల్టు పక్కన పంచె

నిన్న పొద్దున సోమందేపల్లె నుంచి, రామాంజి షెడ్డులో పనిచేసే పిల్లోడి ఫోన్. "అన్నా, మా రామాంజన్న పోయినాడు. షెడ్డులోనే కూలబడినాడు."

ముప్పై ఆరేళ్లు రామాంజికి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

బెంగళూరులో ఒకే డిజైన్ ఆఫీసులో పక్కపక్క సీట్లు మావి. అప్పుడే వర్చువల్ రియాలిటీ సెట్ వచ్చింది. హెల్మెట్ పెట్టుకుంటే, ఇంకా తయారుకాని మిషన్ కళ్ళ ముందు ఫుల్ సైజులో నిలబడుతుంది. మాకు అది క్లయింట్లకు చూపించే బొమ్మ.

రామాంజి అలా అనుకోలేదు. శెనక్కాయలు ఒలిచే మిషన్ డిజైన్ చేసి, ఒక ఆదివారం వాళ్ళ నాయన గంగన్నను ఆఫీసుకే పిలిపించాడు. వాడేవాళ్ళు చూడకుండా మనం చూస్తే ఏం లాభం అన్నాడు.

గంగన్న హెల్మెట్ పెట్టుకుని రెండడుగులు వేశాడు. బెల్టు తిరిగే వైపు రాగానే వంగి, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి గట్టిగా పట్టుకున్నాడు.

ఖాళీ గదిలో.

అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వింది మా హెడ్.

రామాంజి నవ్వలేదు. ఏమైంది నాయనా అని అడిగాడు.

"ఈడ పంచె లాక్కుంటాది రా. మనూరి మాదప్ప కాలు అట్లనే కదా పోయింది."

మా కంప్యూటర్లోని మనిషి బొమ్మకు ప్యాంటు ఉంది. మా ఇద్దరి జిల్లాలో మిషన్ దగ్గర నిలబడేవాళ్ళకు పంచె ఉంటుంది. అంత చదివినా మాకు ఆ సంగతి తట్టలేదు. వారంలో రామాంజి బెల్టును అవతలి వైపుకు మార్చి, కింది దాకా మూత పెట్టాడు.

తర్వాత ఒక పెద్ద మీటింగులో హెడ్ స్టేజీ ఎక్కి, ఆ మార్పు తన ఐడియానే అన్నాడు. గంగన్నను మాత్రం జోకుగా వాడుకున్నాడు. ఖాళీ గదిలో పంచె ఎగ్గట్టిన పల్లెటూరాయన అని.

హాలంతా నవ్వుతుంటే రామాంజి లేచి, "ఆయన మా నాయన. ఆ డిజైన్ నాది" అన్నాడు.

వారం తిరక్కుండా ఉద్యోగం పీకేశారు. సొంతూరికి పోయి హైవే పక్కన రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. నేను నోరు మూసుకుని అక్కడే ఉండిపోయాను. ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

నిన్న ఆ హెడ్ సారే మా ఆఫీసు గ్రూపులో రాశాడు, రామాంజి తన ప్రియ శిష్యుడట, అన్నీ తనే నేర్పాడట. సాయంత్రం దండ పట్టుకుని మట్టి చేసే చోటికి కూడా వచ్చాడు.

గంగన్న తన కొడుకు శవం పక్కన కూర్చుని ఉన్నాడు. హెడ్ దగ్గరికి రావడం చూసి లేచాడు. వంగి, పంచె ఎగ్గట్టి పట్టుకుని, పక్కకు జరిగాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సార్, మీరిది చదువుతారని తెలుసు. రామాంజి గీసిన డ్రాయింగులు, తేదీలతో సహా, ఈ పోస్టు కిందే పెట్టాను. ఆ రోజు హాల్లో నవ్విన వాళ్ళలో నాకు తెలిసిన ప్రతి ఒక్కరికీ పంపాను. నా ఉద్యోగం పోతే పోనీ.

రామాంజీ, నువ్వు నిమ్మళంగా నిద్రపోరా. ఆయనకు నిద్ర లేకుండా చేసే పని నాది.