నర్సక్క చీర కట్టుకుని బర్రె పాలు పిండిన రోజులు

ఈ పేజీలో ఇంతకు ముందు రాసిందంతా నా బిడ్డ స్వరూప రాసింది. బీదర్ కోట, మెదక్ చర్చి, సింగూరు డ్యాం. సెలవు దొరికితే చాలు తిరిగి వచ్చేది, ఏ బస్సెక్కాలి, ఎక్కడ తినాలి అని ఫోన్‌లో రాసి పెట్టేది. పోయిన ఎండాకాలం కామెర్లు ముదిరి అది పోయింది. పేజీ అట్లాగే ఆగిపోయి ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. నేను ఐదు వరకే చదివాను, తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. ఇది నేను చూడటానికి పోయిన ఊరి సంగతి కాదు. ఇంటివాళ్ళు యాత్రకు పోతే వాళ్ళ ఇల్లు, గొడ్డు చూసుకోవడానికి పోయి ఉన్న సంగతి. ఇట్లా వెళ్ళి ఉందామనుకునే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

స్వరూప దవాఖానలో ఉన్నప్పుడు పక్క మంచం మీద మాణయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. జహీరాబాద్ అవతల మొగుడంపల్లి దగ్గర వాళ్ళ పొలం. ఆయన భార్య నర్సమ్మ, నేను నర్సక్క అంటాను, ఊరి నుంచి జొన్నరొట్టెలు వస్తే సగం నాకు పెట్టేది. మాణయ్య లేచి ఇంటికి పోయాడు. నా బిడ్డ లేవలేదు. ఆ పొద్దు నా దగ్గర మా చుట్టాలెవరూ లేరు. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకుని కూడా నర్సక్క ఇంటికి పోలేదు, చీకటి పడేదాకా నా పక్కనే కూర్చుంది. భర్త లేస్తే పండరిపురం వస్తానని ఆమె మొక్కుకుంది. ఏడాది గడిచినా పోలేకపోయింది. ఈ మధ్య ఫోన్‌లో అడిగితే ఒకటే మాట, బర్రెను ఎవలకు ఇడిసి పోవాలె చెల్లె అని. నేనుంటానన్నాను. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తాను. సెలవు అడిగి, ఇస్తారో లేదో తేలకముందే సంచి సర్దుకున్నాను.

పొద్దున ఏడున్నరకు పటాన్‌చెరులో జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్‌కు డబ్బు తీసుకోరు. సదాశివపేట దాటేదాకా నిలబడాల్సి వచ్చింది, తర్వాత కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు గంటలకు పైనే పట్టింది. బస్టాండ్ బయట టీ తాగి, మొగుడంపల్లి పోయే షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆటో నిండేదాకా కదలదు, తొందర ఉన్నవాళ్ళు అది లెక్క వేసుకోవాలి. ఎవరింటికి పోతున్నానని ఆటో అతను అడిగాడు. మాణయ్య పొలం దగ్గరికి అన్నాను. చుట్టాలా అన్నాడు. కాదు, వాళ్ళు పండరి పోతుంటే బర్రెను చూసుకోవడానికి అన్నాను. అద్దంలో నన్నొకసారి చూశాడు.

"అట్లయితే బర్రెకు చుట్టమన్నట్టు" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులైంది అట్లా రాక.

ఇల్లు ఊరికి కొంచెం అవతల, చేను మధ్యలో ఉంది. రెండు గదుల రేకుల ఇల్లు, ముందర కొట్టం, వెనక పెసరు చేను. వానలు అప్పుడే పడ్డాయి, మొలకలు లేచి ఎర్రమట్టి మీద పచ్చటి గీతలు గీసినట్టుంది. కోళ్ళు, రెండు మేకలు, కొట్టంలో సింగారి అనే బర్రె. కోళ్ళ గంపా, మేకల మేతా చూపించడానికి నర్సక్కకు ఎంతోసేపు పట్టలేదు. సింగారి దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం మారింది. వాళ్ళు దవాఖాన నుంచి వచ్చాక అది ఈనిందట, దుడ్డె పుట్టిన నెలకే పోయిందట. దూడ లేని బర్రె చేపదు, అంటే చన్నుల్లోకి పాలు వదలదు. పాలన్నీ లోపలే పట్టి ఉంచుకుంటుంది. సింగారి ఒక్క నర్సక్కకే చేపుతుంది. మాణయ్య దగ్గరికి పోయినా తన్నుతుంది. అందుకే ఆమె ఏడాదిగా గడప దాటలేదు.

కొట్టంలో మేకుకు ఒక ముదురాకుపచ్చ నూలు చీర వేలాడుతోంది. నర్సక్క రోజూ పాలు పిండేటప్పుడు కట్టేది అదే. తీసి నా చేతిలో పెట్టింది.

"గీ చీర కట్టుకొనే పిండు చెల్లె. కొంగు నెత్తి మీదికెల్లి కప్పుకో. అది మనిషిని కండ్లతోని చూడదు, ముక్కుతోని చూస్తది."

సాయంత్రం ఆ చీర కట్టుకుని కూర్చున్నాను. నర్సక్క గోడ చాటున నిలబడింది. సింగారి మెడ తిప్పి నా భుజం దగ్గర ఊపిరి పీల్చి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. కాసేపటికి చన్నులు నిండాయి. గోడ చాటు నుంచి నర్సక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. పాలు చేపడానికి వేసే ఇంజెక్షన్ మాత్రం ఎవరు చెప్పినా వేయించొద్దని మాట తీసుకుంది. తెల్లారి మళ్ళీ నేనే పిండాను. పండరి పోయే బండి ఊళ్ళో వాళ్ళంతా కలిసి మాట్లాడుకున్నది, ఎనిమిదింటికి వచ్చింది. ఐదు రోజుల్లో వస్తామన్నారు. మాణయ్య మెడలో తులసిమాల వేసుకుని చిన్నపిల్లాడిలాగా ముందు సీట్లో కూర్చున్నాడు.

ఇక నేను చేసిన పని చెప్తాను. క్యాంటీన్‌లో ఇన్నేళ్ళ అలవాటు, ఉతకని బట్టతో పొయ్యి దగ్గరికి రానివ్వరు. సూపర్‌వైజర్ గోళ్ళు కూడా చూస్తాడు. వాళ్ళు పోయాక పెండ తీసి, కొట్టం ఊడ్చి, ఒళ్ళు చూసుకుంటే చీర కుచ్చిళ్ళు పెండలో, ఉచ్చలో తడిసి ఉన్నాయి. పాలు ముట్టే చీర ఇట్లా ఉంటుందా అనుకున్నాను. బోరు దగ్గరికి పోయి నిమ్మవాసన సబ్బు పెట్టి ఉతికి, రెండుసార్లు జాడించి తీగ మీద ఆరేశాను. నేనూ అదే సబ్బుతో స్నానం చేశాను. మంచి పని చేసినట్టే అనిపించింది.

సాయంత్రం అదే చీర కట్టుకుని కొట్టంలోకి పోతే సింగారి ముక్కు ఎగరేసి మెడ తలుగు తాడు తెంపుకునేంత పని చేసింది. దగ్గర కూర్చుంటే బకెట్‌ను తన్నింది. పొదుగు బిగిసిపోయింది. నూనె రాశాను, పత్తిచెక్క పెట్టాను, బెల్లం పెట్టాను. తినేది తింటోంది, పాలు మాత్రం వదలదు. అప్పుడు తెలిసింది నాకు, ఉతికింది మురికిని కాదని.

పక్క చేను బస్వరాజు పాల క్యాన్లతో బండి ఆపాడు. ఈ చుట్టుపక్కల పాలు కొని చిరాగ్‌పల్లి దగ్గర హైవే హోటళ్ళకు పోస్తాడు. తీగ కింద తడి మరకనూ, నా ఒంటి మీద చీరనూ మార్చి మార్చి చూశాడు.

"చీర కాదమ్మా నువ్వు ఉతికింది. నర్సక్కనే ఉతికి ఆరేసినవ్" అన్నాడు.

తన దగ్గర సూది ఉందన్నాడు. ఒక్కటి వేస్తే నిమిషంలో చేపుతుందని, హోటళ్ళు పాల కోసం ఎదురు చూస్తున్నాయని అన్నాడు. వద్దన్నాను, మాట ఇచ్చానని చెప్పాను. మరి నర్సక్కకు ఫోన్ చెయ్యి, దారిలో గుళ్ళన్నీ చూసుకుంటూ పోయే బండి, షోలాపూర్ కూడా దాటి ఉండరు, దిగి బస్సెక్కి వస్తుంది అన్నాడు. అదీ వద్దన్నాను. భర్త బతికినందుకు ఆమె పోతున్న యాత్ర అది. సగంలో తిరిగొస్తే ఆమెకెట్లా ఉంటుందో నాకు తెలుసు. నాకు మొక్కు తీర్చుకునే భాగ్యం లేకపోయింది, ఆమెదైనా తీరాలి.

"నీ పట్టుదల మంచిదే. పొదుగు గట్టిపడితే బర్రె ఖరాబైతది, అది సుత జర సోంచాయించు."

ఆ మాటా నిజమే. అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం. తెల్లారేసరికి చేపకపోతే పశువుల డాక్టర్‌కూ, నర్సక్కకూ ఇద్దరికీ ఫోన్ చేస్తాను. అప్పటిదాకా నన్ను నా పాటికి వదలాలి. పోతూ పోతూ, నర్సక్క పొద్దంతా కొట్టంలోనే పడి ఉంటుందమ్మా, నువ్వు పిండే యాళ్ళకు వచ్చి పోతవు అని అన్నాడు.

ఇంకా వెలుతురుంది. చీర మార్చుకుందామని లోపలికి పోయి సంచి తీశాను. అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. దాంట్లో స్వరూప నీలం చున్నీ. దవాఖానకు పోయేటప్పుడు వేసుకున్నది. దాని వాసన పోతుందని ఉతకలేదు, గాలి తగలనివ్వలేదు, కవరు మూతి ముడేసి ఎక్కడికి పోతే అక్కడికి మోసుకుపోతున్నాను. ఏడాదిలో ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ సాయంత్రం ధైర్యం కావాలనిపించి విప్పాను. ముఖానికి ఆనించుకున్నాను.

ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు.

బయట సింగారి అరిచింది. బరువుకు ఓర్వలేక అరిచే అరుపది. లేచాను. నా సొంత పాత చీర కట్టుకుని, ఆ చున్నీని నెత్తికి చుట్టుకుని కొట్టంలోకి పోయాను. ఇంకా దేని కోసం దాచాలి అనుకున్నాను.

ఆ తర్వాత సబ్బు ముట్టలేదు. చొప్ప మోపు భుజం మీద మోశాను. కుడితి చేత్తోనే కలిపాను. పెండ తీసిన చేతులను గడ్డితో తుడుచుకుని సింగారి మెడ గోకాను. వేడి నీళ్ళలో గుడ్డ ముంచి పొదుగుకు కాపడం పెట్టాను, తన్నకుండా నిలబడినంతసేపు. పాలు అడగలేదు. సన్నటి వాన మొదలైతే రేకు కింద దాని పక్కనే నిలబడ్డాను. అది మెల్లగా మెడ చాపి చున్నీ అంచు నోట్లోకి తీసుకుని నమలసాగింది. లాగేసుకోవాలనిపించి చెయ్యి లేచింది. మళ్ళీ దింపేశాను. తిననీ అనుకున్నాను. నమిలి నమిలి, జొల్లుతో తడిపి తనే వదిలేసింది. దానితో నర్సక్క మాట్లాడినట్టు నేనూ మాట్లాడాను. స్వరూప సంగతులు చెప్పాను. నీ బిడ్డ పోయింది, నా బిడ్డా పోయింది, పాలు పట్టి ఉంచుకుంటే వాళ్ళు రారమ్మా అన్నాను. మనిషెవరికీ చెప్పలేదు అంతవరకు. మధ్యలో నర్సక్క ఫోన్ చేసింది, షోలాపూర్‌లో ఆగారట. సింగారి ఎట్లుందని అడిగితే, తిన్నది, నీళ్ళు తాగింది, పక్కనే ఉన్నానని చెప్పాను. మంచం కొట్టంలోనే వేసుకుని పడుకున్నాను.

తెల్లవారుతుండగా బకెట్ తీసుకుని కూర్చున్నాను. సింగారి మెడ తిప్పింది. నా నెత్తి దగ్గర, చున్నీ దగ్గర గట్టిగా ఊపిరి పీల్చింది. చన్ను పట్టుకున్నాను, బిగుతుగానే ఉంది. తల దాని డొక్కకు ఆనించి ఊరికే నిమురుతూ ఉన్నాను. పొద్దు పొడవకముందే బస్వరాజు బండి చప్పుడైంది. ఆపి చూస్తున్నాడని తెలుసు, తల తిప్పలేదు. అప్పుడు నా వేళ్ళ కింద పొదుగు మెత్తబడింది. మొదటి ధార బకెట్ అడుగున గట్టిగా మోగింది.

"పిండు పిండు, ఆపకు" అని బస్వరాజు గుసగుసగా అన్నాడు. క్యాన్లు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడట, తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత పూటలన్నీ నా చీరతోనే, ఆ చున్నీతోనే పిండాను. చెప్పిన రోజుకే వాళ్ళు వచ్చారు. మాణయ్య నుదుట పెట్టుకునే నల్లటి బుక్కా పొడి, పేలాలు ప్రసాదం తెచ్చి నా చేతిలో పోశాడు. నర్సక్క కాళ్ళు కడుక్కోకుండానే కొట్టంలోకి పోయింది. చీర ఉతికిన సంగతి ముందే చెప్పేశాను. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. నా పెనిమిటి సుత ఎన్నడు నా చీర ఉతుకలె, నువ్వు ఉతికినవా అంది. తర్వాత మేకు మీద చున్నీని చూసి నవ్వు ఆపింది. దవాఖానలో చూసిన చున్నీ, గుర్తుపట్టింది. చేతిలోకి తీసుకుంది. పెండ, పాలు, పత్తిచెక్క, సింగారి జొల్లు అన్నీ దాని మీదే ఉన్నాయి.

"గిది ఈడ్నే ఉండనియ్యి చెల్లె. మల్ల నువ్వొస్తవు గద, సింగారి నిన్ను గుర్తువట్టాలె."

సరేనన్నాను. తిరుగు బస్సులో సంచి తేలికగా ఉంది. ఏడాదిగా నేను కవర్లో మూతి ముడేసి పెట్టుకున్నది నా బిడ్డను కాదు, ప్లాస్టిక్ గాలిని. ఇప్పుడా చున్నీ నర్సక్క చీర పక్కన మేకుకు ఉంది, రోజూ ఒక ప్రాణం దాన్ని వాసన చూస్తోంది. స్వరూప ఎప్పుడూ మొగుడంపల్లి చూడలేదు. ఇప్పుడు దాని బట్ట అక్కడే ఉంటోంది. శివరాత్రికి వాళ్ళు శ్రీశైలం పోతామంటున్నారు, నేను సెలవు ఇప్పుడే అడిగి పెట్టాను. ఇంకొకరి పశువులను చూసుకోవడానికి పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీదొక పాత నూలు బట్ట తీసుకుపోయి వచ్చేదాకా దాంతోనే పని చేయండి, వాసన సబ్బు ఇంట్లోనే వదిలేయండి, ఇంటివాళ్ళు ఉతకమని చెప్పని బట్టను మాత్రం ఉతకకండి.