చెల్లి జనరల్‌కి వచ్చిన రోజు

నాకూ మా చెల్లికీ ఏడాది కూడా తేడా లేదు. నన్ను బడికి పంపి దాన్ని ఇంట్లో ఉంచితే ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేసేదట. అందుకని అమ్మ నన్ను ఒక ఏడాది ఆపి ఇద్దరినీ ఒకేసారి ఒకటో తరగతిలో వేసింది. దీన్ని నేనెప్పుడూ త్యాగం అనుకోలేదు. ఆ ఏడాదంతా హాయిగా ఆడుకున్నాను.

అప్పటి నుంచి ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. డబ్బాలో ఒక పక్క పచ్చడన్నం, ఒక పక్క పెరుగన్నం. పెరుగన్నం అంతా అది తిని, పచ్చడి నాకు వదిలేది. "నీకు కారం ఇష్టం కదక్కా" అనేది. నాకు కారం ఇష్టమని నాకు తెలిసింది దాని ద్వారానే.

టేకులపల్లికి ఇవతల బొగ్గు బావి క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాయన బావిలో ఫిల్లర్, అంటే కొట్టిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తిపోసే పని. క్వార్టరంటే ఒక ముందు గది, ఒక లోపలి గది, వెనక వంట. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. మా ఇంట్లో తుమ్మితే వాళ్లింట్లో "చిరంజీవ" అనేవాళ్లు. నాయన తన ఒళ్లు చూపించి "ఆడిపిల్లలమని గీ పని తప్పుతదనుకోకున్రి, సదువుకొని తప్పించుకోవాలె" అంటుండేవాడు. మా ఇద్దరినీ టౌన్లో ప్రైవేటు బడిలో వేశాడు. ఆటోలో పదిమంది పిల్లలం ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని వెళ్లేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో ఆ బడి స్పెషల్ బ్యాచ్ మొదలుపెట్టింది. పరీక్ష పెట్టి తెలివైన పిల్లలను విడిగా తీసి, పెద్ద పెద్ద ఎంట్రన్సులకు అప్పటి నుంచే తయారు చేస్తారట. మిగిలినవాళ్లు జనరల్. అప్పటిదాకా మా తరగతికి ఆ పేరు లేదు. పరీక్ష ఇద్దరం రాశాం. చెల్లికి సీటు వచ్చింది, నాకు రాలేదు. నాకు లెక్కలు రాక కాదు, వచ్చేవి. కాకపోతే వాళ్లు అడిగినంత జల్దీ వచ్చేవి కావు.

ఆ ఆదివారం చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పింది. మా సంఘంలో ఎవరింట్లో మేలు జరిగినా లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, "నా చిన్న బిడ్డను దేవుడు లేవనెత్తి పెద్దోళ్ల పక్కన కూసోబెట్టిండు" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను, నేనూ ఆమెన్ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మా చెల్లి పైకి వెళ్లడమంటే అప్పటికి నా లెక్కలో మేము పైకి వెళ్లడమే.

స్పెషల్ వాళ్లకు పై అంతస్తు ఇచ్చారు. వాళ్లకు మెరూన్ టై, మాకు పాత నీలం టై. వాళ్ల అన్నం గంట వేరు, మా గంట వేరు. మొదటి వారం చెల్లి తన గంటకు తినకుండా ఆగి, మా గంట కొట్టగానే డబ్బా పట్టుకుని మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది. మూడో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా పై అంతస్తు సారు వచ్చాడు. "జనరల్ వాళ్లతోని కూసుంటే నువ్వు గూడ జనరల్ అయితవ్. పో, పైకి పో" అన్నాడు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. మర్నాటి నుంచి అమ్మ రెండు డబ్బాలు కట్టింది. దాని డబ్బాలో ఉడకబెట్టిన గుడ్డు ఉండేది. గుడ్డు మెదడుకు మంచిదని అమ్మకెవరో చెప్పారు. నా మెదడు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంట్లో లోపలి గది దానికిచ్చారు. నేనూ అమ్మా నాయనా ముందు గదిలో పడుకునేవాళ్లం. నేను పాట కూనిరాగం తీస్తే "మెల్లగ, అది సదువుకుంటాంది" అనేది అమ్మ. నేనూ చదువుకుంటున్నానని ఆమెకు గుర్తు చేయాలనిపించేది. చేసేదాన్ని కాదు. రోషం నాకు చిన్నప్పటి నుంచీ ఎక్కువే, కాకపోతే అది లోపలికి పోతుంది, బయటికి రాదు.

ఒకసారి వానాకాలంలో బడి కుళాయి దగ్గర చెల్లి కనబడింది, మెరూన్ టైల పిల్లలతో. దాని రిబ్బను ఊడి వేలాడుతోంది. దగ్గరికెళ్లి కట్టబోయాను. అది తల పక్కకు తీసుకుంది. "ఎవరే?" అని ఒక పిల్ల అడిగింది. "మా క్వార్టర్లల్ల ఉంటది" అంది మా చెల్లి.

అబద్ధం కాదు, క్వార్టర్లలోనే ఉంటాను. సాయంత్రం ఇంటికొచ్చాక అది నా వైపు చూడలేదు, నేను అడగలేదు. దాని కష్టం నాకు అర్థమైంది కూడా. అక్క జనరల్ అని తెలిస్తే, తనూ ఎప్పుడో ఒకప్పుడు జారి పడేదే అని పైనున్నవాళ్లు అనుకుంటారని దాని భయం. పన్నెండు పదమూడేళ్ల పిల్లకు ఆ భయం ఎవరు పెట్టారని ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అర్థమైనంత మాత్రాన బాధ తగ్గదని కూడా అప్పుడే తెలిసింది.

మూడు నెలలకోసారి పరీక్ష పెట్టి పైవాళ్లను కిందికీ, కిందివాళ్లను పైకీ మార్చేవారు. తొమ్మిదో తరగతిలో ఉండగా చెల్లికి మలేరియా వచ్చింది. మా వైపు అడవి గాలికి అది మామూలే, ఏడాదికోసారి ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని వణకాల్సిందే. పరీక్ష నాటికి జ్వరం తగ్గింది గాని ఒళ్లు కుదుటపడలేదు. ఫలితాలు చెప్పిన రోజు మధ్యాహ్నం పై అంతస్తు నుంచి దాన్ని దింపేశారు. మెరూన్ టై అక్కడే తీసుకున్నారట. ఆటోలో నా పక్కనే కూర్చుంది, చాలా రోజుల తర్వాత.

ఇంటికొచ్చి గడపలో నిలబడి, "నన్ను జనరల్‌ల ఏసిన్రు" అంది.

అమ్మ చేతిలో చాట కింద పడేసి నేల మీద కూలబడింది. "అయ్యో నా బిడ్డా" అని గొంతెత్తి ఏడ్చింది. ఇంట్లో ఎవరైనా పోతే ఏడ్చే ఏడుపు అది.

మా క్వార్టర్లలో ఒక పద్ధతి ఉంది. మగవాళ్లు షిఫ్టులో ఉన్న వేళ ఏ ఇంట్లోనైనా ఆడమనిషి అలా ఏడిస్తే ఏమైందని ఎవరూ అడగరు. బావిలో పైకప్పు కూలిందనే అనుకుంటారు. అడిగి ఆమె నోటితో చెప్పించడం పాపమని అడగకుండానే పనిలోకి దిగుతారు. నాయన ఆ రోజు రెండో షిఫ్టు, అప్పటికే బావిలోకి దిగి ఉన్నాడు. రెండు నిమిషాల్లో మా వాకిలి నిండిపోయింది. పక్కింటి అత్త చెంబుతో నీళ్లు తెచ్చి అమ్మ నోటికి పెట్టింది. ఒకామె మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. ఎవరో మా ఇంటి పొయ్యి ఆర్పేశారు, అలాంటి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగకూడదు కాబట్టి. మూల మీది ఇంటాయన మోటార్ సైకిల్ తీసి బావికి పోయాడు. నన్నూ చెల్లినీ ఒకామె కడుపులోకి లాక్కుని "మేమున్నం బిడ్డా" అంది. నాకూ ఒక్క క్షణం నాయనకే ఏదో అయిందేమో అనిపించింది.

పక్కింటి అత్తే చివరికి ఆగలేక అడిగింది. "ఎవలు చెప్పిన్రు వదినా? ఎక్కడికి తీస్కపోయిన్రు? దవాఖానకా?"

"నా చిన్నదాన్ని జనరల్‌ల ఏసిన్రు వదినా" అంది అమ్మ.

ప్రార్థన ఆగిపోయింది. పక్కింటి అత్త కాసేపు అమ్మ మొహంలోకి చూసింది. ఆమె కూతురు నా తరగతిలోనే, నా ముందు బెంచీలో. "మా పిల్ల గూడ గా క్లాసులనే సదువుతాంది గద" అని, చెంబు తీసుకుని లేచి వెళ్లిపోయింది. అమ్మకు ఆ మాట వినబడిందో లేదో. నేను గుమ్మం పక్కనే ఉన్నాను, ఏడాదిన్నరగా అదే క్లాసులో చదువుతూ.

అప్పటికే మోటార్ సైకిలాయన, బావిలో ఏమీ కూలలేదని తెలిసి, "ఇంటికాడ ఏమో అయింది" అని అక్కడ కబురు చెప్పేశాడు. నాయనను షిఫ్టు మధ్యలో పైకి తెచ్చారు. బావిలో పని చేసేవాడికి ఇంటి నుంచి అలాంటి కబురు రాదు, అతని గురించే ఇంటికి వెళ్తుంది. ఉల్టా వచ్చిందంటే పిల్లలకే ఏదో అయిందనుకున్నాడట. నెత్తి మీది టోపీ, నడుముకు లైటు బెల్టు అట్లాగే ఉన్నాయి. కళ్లు తప్ప ఒళ్లంతా నలుపు. జనాన్ని తోసుకుని వచ్చి మా ఇద్దరినీ చూశాడు. ఒక చెయ్యి నా నెత్తి మీద, ఒక చెయ్యి చెల్లి నెత్తి మీద పెట్టాడు. "ఇద్దరున్నరు" అన్నాడు. నవ్వబోయి ఏడ్చేశాడు. నా జీవితంలో నాయన అంత సంతోషంగా ఉండగా చూసింది అదొక్కసారే.

తర్వాత అమ్మ సంగతి చెప్పింది.

ఆయన మొహం వాడిపోయింది. మా నెత్తుల మీది చేతులు రెండూ తీసేసి, "అయ్యో" అని మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన తప్పేమీ లేదు. బావిలో ముప్పై ఏళ్లు ఒంగి పని చేసినవాడికి కూతురు పైకి వెళ్లడం కంటే కోరిక ఏముంటుంది. కాని నేను చూశాను. ఇద్దరు పిల్లలూ బతికి ఉన్నారన్న సంతోషం, ఒకరు నేనున్న చోటికి వచ్చారనే కబురుతో చల్లారిపోయింది. నేను అక్కడికి వచ్చినప్పుడు ఎవరూ ఏడవలేదు. ఏడవలేదని కాదు నా బాధ. చెల్లి కోసం వాళ్లు ఏడ్చేదాకా, నేనున్నది ఏడవాల్సిన చోటని నాకు తెలియదు.

మర్నాడు తరగతిలో బెంచీ చివరికి జరిగి దానికి చోటు చేశాను. అది చూడనట్టే వెళ్లి గోడ పక్క బెంచీలో కూర్చుంది. మధ్యాహ్నం అందరూ బయటికి పోయాక లేచి నా దగ్గరికి వచ్చింది. నా ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను గూడ నీ లెక్కనే అయిపోయిన అక్కా."

నన్ను నొప్పించాలని అనలేదు. దాని దుఃఖం చెప్పుకోవడానికి దానికి నేను తప్ప ఎవరున్నారు. నేను దాని జుట్టు నిమిరాను. "మళ్లీ పోతవ్ లే, ఏడ్వకు" అన్నాను. మా చెల్లి నాలా అయిపోయినందుకు నేనే దాన్ని ఓదార్చాను.

మూడు నెలల్లో అది మళ్లీ పైకి వెళ్లింది. ఆ మూడు నెలలూ నా పక్కనే కూర్చుంది గాని పుస్తకంలోంచి తలెత్తలేదు. సీటు తిరిగొచ్చిన రోజు అమ్మ సేమ్యా పాయసం చేసి నాకూ ఒక గిన్నె పెట్టింది. పదో తరగతిలో నాకు వచ్చిన మార్కులు మా జనరల్‌లో అందరికంటే ఎక్కువ. ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో సరైన వేళ దొరకలేదు.

ఇప్పుడు అది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నేను అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో నర్సుని. మాకు గొడవలేమీ లేవు. క్రిస్మస్‌కు నాకు చీర పంపుతుంది, మంచి చీరలే. ఫోన్లో ఆరోగ్యం అడుగుతుంది, నాయన మందులు అడుగుతుంది. పెరుగన్నం నువ్వు తిను, పచ్చడి నాకు పెట్టు అనే మాటలు మాత్రం మాకు మళ్లీ రాలేదు. ఎంత వెతికినా రావు. తెలివైన పిల్లలకు ఎక్కువ నేర్పొద్దని నేను అనను. నేర్పండి. దాని కోసం మెట్లూ టైలూ గంటలూ ఎందుకు వేరు చేయాలో నాకు ఇప్పటికీ బోధపడదు. పైనున్నవాళ్లకు పడతామని భయం, కిందున్నవాళ్లకు పడ్డామని సిగ్గు. లెక్కలు నేర్పడానికి ఇవి రెండూ ఎందుకో.

మొన్న టీకాల రోజు. ఎండలో తిరిగి తిరిగి వచ్చి దవాఖానా వరండాలో కూర్చున్నాను. చెల్లి ఫోన్ చేసింది. అది చేసే రోజు కాదు, చేసే వేళా కాదు. ఎత్తగానే ఏడుపు వినబడింది. నాయనకేమన్నా అయిందా అనుకున్నాను.

"పిల్ల జనరల్‌ల పడ్డదక్కా" అంది.

దాని కూతురికి పదేళ్లు. అక్కడి బడిలో కూడా ఏదో బ్యాచ్ ఉందట, పేరు వేరు. "పిల్లకియ్యి" అన్నాను.

పిల్ల గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పెద్దమ్మా, నువ్వు గూడ జనరల్‌లనే సదివినవా?"

"అవ్ బిడ్డా."

"అమ్మ స్పెషల్ కదా."

"అవ్."

"మరి అమ్మ నీతోని మాట్లాడేదా?"

ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు అప్పుడు తెలిసింది, పక్కన చెల్లి ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది కాబట్టి. మాట్లాడేది అని చెప్పొచ్చు, పిల్ల ఊరట పడేది. నోరు రాలేదు.

"మాట్లాడలే బిడ్డా" అంది మా చెల్లి.

"ఎందుకమ్మా?" అని అడిగింది పిల్ల. ఫోన్‌కు ఒక పక్క నేను, ఒక పక్క మా చెల్లి.