నేను చెప్పిన నిమిషాలు

ఆ రోజుల్లో నన్ను ఎవరైనా "ఈ పనికి ఎంతసేపు పట్టిందమ్మా" అని అడిగితే నిజం చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. నన్నొక్కదాన్నే అనుకోకండి, మన ఆడవాళ్లలో సగం మంది ఇంతే. తెల్లారకముందే లేచి పప్పు రుబ్బి, గారెలు వేసి, పులిహోర కలిపి, ఆవిరికి ముఖం ఉడికిపోయి ఉన్నా సరే, వచ్చిన చుట్టం "ఎంత శ్రమ పడ్డారండీ" అనగానే "అబ్బే, శ్రమేముందండీ, చిటికెలో అయిపోయింది" అంటాం. చిటికెలో కాలేదని ఆ చుట్టానికీ తెలుసు. ఆయనకి తెలుసని మనకీ తెలుసు. అలా అనడం ఒక మర్యాద, అంతే. ఆ మర్యాదని మూట కట్టుకొచ్చి వెల్లింగ్టన్‌లో, ఒక యూనివర్సిటీ వంటగదిలో, నిమిషాలు రాసుకోవడానికి వచ్చిన మనిషి ముందు విప్పాను. అదీ నేను చేసిన ఘనకార్యం. (నేను చెబుతుంటే మా మరిది కూతురు రాస్తోంది. నాకు సంతకం, బస్సు నంబర్లు తప్ప రాత రాదు. నవ్వకే, రాయి.)

మా ఆయన ఇక్కడికి హోటల్లో వంట మాస్టరుగా వచ్చారు. వచ్చిన నాలుగో ఏట గుండె ఆగి పోయారు. నాకప్పుడు ముప్ఫై ఒకటి. గుడికి వెళ్తే జాలి, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే తెలుగువాళ్ల పాట్‌లక్‌కి వెళ్తే జాలి, కూరల కొట్లో కనపడినా జాలి. "పాపం, ఎలా ఉంటోందో" అని నా వెనకాల అనుకునే మాట నా చెవిన పడినప్పుడల్లా ఒళ్లు మండేది. ఎవర్నీ సిఫారసు అడక్కుండా, ఈ ఊరి ఈదురుగాలిలో కొండెక్కి వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి ఆ వంటగదిలో పని తెచ్చుకున్నాను. అక్కడ ప్రొఫెసర్ల మీటింగులకి శాండ్‌విచ్‌లు, సూపు, స్కోన్లు చేసి పంపాలి. చేసేది మేమిద్దరం: నేను, ఫిజీ అక్క. ఆవిడ ముత్తాతలు చెరకు తోటల్లో పనికని ఫిజీ వెళ్లిన తెలుగువాళ్లు. ఆవిడ మాట్లాడే తెలుగు మా నాయనమ్మ తెలుగు కన్నా పాతది. అరవైకి దగ్గర్లో ఉండేది, మోకాళ్లు అరిగిపోయి మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కేది. మొదటి మూడు నెలలూ నాకు కత్తి పట్టడం దగ్గర్నించీ అన్నీ నేర్పింది ఆవిడే. నా చేత కాని సగం పని చప్పుడు కాకుండా చేసి పెట్టింది కూడా ఆవిడే. మా పైన సూపర్‌వైజర్ ఒక కివీ ఆయన, అంటే ఈ న్యూజిలాండ్ మనిషే. ఎప్పుడు చూసినా చెవి మీద పెన్సిల్ ఉండేది కాబట్టి మేం ఆయన్ని పెన్సిలాయన అనుకునేవాళ్లం.

ఒక రోజు పొద్దున్నే ఒక పొడుగాటి మేడమ్ చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. యూరప్ మనిషి, ఏడాది పాటు ఇక్కడ రీసెర్చి చేసుకోవడానికి వచ్చిందట. కంప్యూటర్లూ తెరలూ వచ్చాక పనివాళ్ల పని ఎంత తగ్గుతోంది, ఎవరి పని ఉంటోంది, ఎవరిది పోతోంది అని వాళ్ల దేశాల్లో లెక్క తీశారట. ఇంకా తెరలు రాని వంటగదుల్లో ఎలా ఉందో పోల్చి చూసుకోవాలట. ఇదంతా ఎవరికమ్మా అని అడిగితే, వాళ్ల దేశాల్లో బ్యాంకులన్నిటి మీదా ఒక పెద్ద బ్యాంకు ఉందనీ, ఆ బ్యాంకు వాళ్లు కూడా ఇలాంటివి చదువుతారనీ చెప్పింది. నాకు అర్థమైనంత వరకు ఆ పెద్ద బ్యాంకు, ఉమ్మడి కుటుంబంలో తాళాలగుత్తి బొడ్లో దోపుకున్న అత్తగారి లాంటిది. వడ్డీ పెంచాలన్నా దించాలన్నా ఆవిడే చెప్పాలి. మనుషులకి పని ఉందా లేదా, జీతాలు పెరుగుతున్నాయా, సరుకుల ధరలు ఎక్కడున్నాయి అన్నీ చూసుకుని గానీ ఆవిడ నోరు విప్పదు. అంత పెద్ద అత్తగారు వెల్లింగ్టన్‌లో నేను బంగాళాదుంపలు ఎంతసేపట్లో తొక్క తీస్తానో తెలుసుకోవాలనుకుంటోందంటే, చెప్పొద్దూ, నా వీపు దానంతటదే నిటారుగా అయింది.

ఆ పూట ఫిజీ అక్క డాక్టరు దగ్గరికి వెళ్లింది, మధ్యాహ్నం గానీ రాదు. మేడమ్ స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క పనీ అడగడం మొదలుపెట్టింది. మీ పేరు ఎక్కడా రాయను, భయపడకండి అంది. రాయకపోతే ఏం, పక్కనే పెన్సిలాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆయనకి నా పేరు బాగా తెలుసు. "యాభై మందికి శాండ్‌విచ్‌లు, ఎంతసేపు?" అంది మేడమ్. నిజానికి గంట పడుతుంది. "ఓ, పదిహేను నిమిషాలు" అన్నాను. "సూపుకి కూరగాయలు?" ముప్పావుగంట. "పది నిమిషాలు." పెన్సిలాయన కనుబొమ్మలు పైకి లేచాయి. ఆ కనుబొమ్మలు చూసి నాకు ఇంకా ఊపొచ్చింది. మొగుడు పోయాడని పాపం అనేవాళ్లంతా ఆ కనుబొమ్మల్ని చూస్తే బాగుండుననిపించింది. "మరి ఈ పెద్ద ట్రేలు కడగడానికి?" అంటే చెయ్యి విదిలించి, "అదొక పనా మేడమ్, అది పనే కాదు" అనేశాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖం వంక చూసి, చివరగా, "మీతో పనిచేసే ఆవిడకి కూడా ఇంతే సమయం పడుతుందా?" అని అడిగింది. నేనేం చెప్పానో కాసేపాగి చెబుతాను. ఇన్నేళ్లూ నేను ఈ కథ చెప్పినప్పుడల్లా దాటేస్తూ వచ్చింది ఆ ముక్కనే.

మూడు వారాల తర్వాత మా వంటగదికీ తెర వచ్చింది. గోడ మీద టీవీ అంత ఉంది. ఆర్డర్లు కాగితం మీద కాకుండా దాని మీద గడులు గడులుగా వస్తాయి. పని మొదలుపెట్టగానే గడి పచ్చగా ఉంటుంది, టైము దగ్గర పడితే పసుపు, దాటితే ఎరుపు, ఆ పైన కుయ్ కుయ్‌మని అరుపు. ఏ పనికి ఎంత టైమో ముందుగా ఎక్కించాలి కదా. పెన్సిలాయన ఎక్కడెక్కడో వెతుక్కోలేదు, ఆ రోజు నేను చెప్పినవి రాసి పెట్టుకున్నాడు, అవే ఎక్కించాడు. యాభై శాండ్‌విచ్‌లకి పదిహేను నిమిషాలు! బ్రెడ్డు పాకెట్లు విప్పేలోపు గడి పసుపైపోయేది. వెన్న రాసేలోపు ఎర్రబడి అరవడం మొదలుపెట్టేది. ఇక ట్రేలు కడగడం పనే కాదన్నాను చూశారూ, దానికి తెర మీద అసలు గడే లేదు. తెర లెక్కలో ట్రేలు వాటంతటవే కడుక్కుంటాయి. కానీ సింకులో మాత్రం కొండలా ఉండేవి. (ఇక్కడికి వచ్చేసరికి మన పాట్‌లక్‌ల్లో అందరూ పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.)

నవ్వులేని సంగతి ఆ వెనకే వచ్చింది. ఆ తెరే వారానికి ఎవరెవరు ఎన్ని గంటలు రావాలో కూడా చెబుతుంది. నా నిమిషాలన్నీ కూడి చూసుకుని, మంగళవారం, గురువారం ఇక్కడ ఒక్క మనిషి చాలు అంది. కొత్త రోస్టరు గోడకి అంటించారు. మంగళ, గురువారాల్లో ఫిజీ అక్క పేరు లేదు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది. "ఏమి చెల్లీ ఇది? నేను ఏమి తప్పు చేసినాను?" అంది. నేను సింకు వైపు తిరిగి నీళ్లు గట్టిగా వదిలాను. ఆవిడకి ఉన్నవే నాలుగు రోజుల పని. అందులో రెండు పోతే అద్దె కట్టలేక, తను ఒక్కతే ఉండే ఫ్లాట్ వదిలేసి దూరాన ఉన్న హామిల్టన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి. "అక్కడ కారు తోలనిదే పాల సీసా కూడా రాదు. నాకు కారు రాదు. పొద్దున లేచి అల్లుడి ముఖము చూసి, ఎవరు ఎక్కడికి తీసుకుపోతారా అని కూర్చోవలె. ఇక్కడైతే నా బస్సు నేను ఎక్కుతాను" అని చెప్పింది టీ తాగుతూ. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

రెండు మంగళవారాలు, రెండు గురువారాలు ఒక్కదాన్నే ఆ ఎర్ర తెర కింద పరుగులు పెట్టాను. ఇంత జరిగినా నిజం చెప్పాలని కాదు, నా మాట నిజం చేయాలనే చూశాను. ఎలాగైనా పదిహేను నిమిషాల్లో పూర్తి చేస్తే ఇక అది అబద్ధం కాదు కదా అని! టొమాటోతో పాటు వేలు కోసుకున్నాను. ఒక మీటింగుకి సూపు ఉడక్కుండానే పంపేశాను, క్యారెట్లు పంటి కింద కరకరలాడాయట. మూడో మంగళవారం పొద్దున బస్సు దిగి వంటగదికి వెళ్లకుండా తిన్నగా మేడమ్ గది వెతుక్కుంటూ మూడో అంతస్తుకి వెళ్లాను. తలుపు తీయగానే, దారిపొడుగునా బట్టీ పట్టిన ముక్క అప్పజెప్పాను: "మేడమ్, ఐ టెల్ లై. ఆల్ మినిట్స్ లై."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఎందుకలా చెప్పారు అంది. ఇంటికొచ్చిన చుట్టానికి చిటికెలో అయిపోయింది అంటామని, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, మిగిలింది చేతులు తిప్పి చెప్పాను. ఆవిడ నవ్వింది గానీ మెల్లగా, "నేను మీ ఇంటికి చుట్టంగా రాలేదు కదా" అంది. తను అడిగి రాసుకున్న నిమిషాలే ఆ తెర మీదికి ఎక్కాయని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. తెలియగానే ముఖం ఎర్రబడింది. ఆ పూటే గడియారం పట్టుకుని మా వంటగదిలో బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. పెన్సిలాయన్ని కూడా నిలబెట్టింది. ఆ రోజు జీతం కాగితాల పని మీద అక్క కూడా వచ్చి తలుపు దగ్గర ఉంది. నేను శాండ్‌విచ్‌లు మొదలుపెట్టాను. తెర పసుపైంది, ఎర్రబడింది, అరిచింది. ఎవరూ ఆపలేదు. అది అరుస్తూనే ఉంది, నేను వెన్న రాస్తూనే ఉన్నాను. యాభై మందివి అయ్యేసరికి గంటా ఐదు నిమిషాలు. ఆ తర్వాత ట్రేలు. వాటికి ముప్పావుగంట. పెన్సిలాయన చెవి మీది పెన్సిల్ తీసి, పెట్టి, తీసి, "మరి నువ్వు చెప్పినవన్నీ తప్పేనా?" అన్నాడు. తప్పేనన్నాను. "మరి ఆవిడ గురించి చెప్పింది? అదీ తప్పేనా?"

ఇదే నేను దాటేసిన ముక్క. ఆ రోజు మేడమ్ అక్క గురించి అడిగినప్పుడు నేను, "ఆవిడకి మోకాళ్లు పనిచేయవు, చాలా స్లో, ఆవిడ పని సగం నేనే చేస్తాను" అన్నాను. అందులో మర్యాద ఎక్కడా లేదు. చుట్టమూ లేదు, చిటికే లేదు. నేను గట్టిదాన్నని అనిపించుకోవడానికి పక్కనున్న మనిషిని ఒక మెట్టు కిందికి తోశాను, అంతే. ఇప్పుడు ఆవిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది. తప్పే అందామంటే మోకాళ్ల నొప్పి నిజం. నిజమే అందామంటే సగం పని చేసింది నేను కాదు. తడి ట్రే ఒకటి తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

అక్కే మెల్లగా నడిచి లోపలికి వచ్చింది. "నా మోకాళ్ల గురించి నన్ను అడగండి. తను శాండ్‌విచ్‌ల గురించి చెప్పడానికి వచ్చింది, చెప్పింది" అని పెన్సిలాయనకి శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పి, చేతులు కడుక్కుని, నాతో పాటు ట్రేలు తుడవడం మొదలుపెట్టింది. తర్వాతి వారం తెర మీద టైములు మారాయి, ట్రేలకి ఒక గడి వచ్చింది, మంగళ గురువారాల్లో అక్క పేరు తిరిగొచ్చింది. కానీ బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ చాలా రోజులు ముందు సీట్లోనే కూర్చుంది. వంటగదిలో మాత్రం ఎప్పటిలాగే "చెల్లీ, ఉప్పు చూడు" అనేది. దాని మీద ఒక్క మాట కూడా అనలేదు. ఇంకో ఆరేళ్లు కలిసి పనిచేశాం, ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత తనంతట తానే, తన ఇష్టం మీద హామిల్టన్ వెళ్లింది.

పోయిన ఆదివారం ఆవిడకి ఫోన్ చేశాను. మన సంఘం పత్రికలో ఈ సంగతి చెబుతున్నాను అక్కా, మోకాళ్ల ముక్క కూడా చెప్పేస్తాను, నీకేం అభ్యంతరం లేదు కదా అని అడిగాను. ఆవిడ అంది: "మేడమ్‌కి చెప్పినావు. పెన్సిలాయనకి చెప్పినావు. ఇప్పుడు ఊరందరికీ చెప్పబోతావు. నాకు ఎప్పుడు చెప్పినావు చెల్లీ?" నిజమే. ఇన్నేళ్లలో ఆవిడకి ఒక్కసారి కూడా చెప్పలేదు. నిమిషాలు తప్పని అందరి ముందూ ఒప్పుకున్నాను కదా, అదే సరిపోయిందనుకున్నాను. పొయ్యి మీద కూర మాడుతున్నా కట్టేయకుండా, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని అప్పుడు చెప్పాను, "నన్ను క్షమించు అక్కా" అని. ఆవిడ అటు ముక్కు తుడుచుకున్న చప్పుడు వినపడింది. "సరే. నీ ఇంట్లో ఏమో మాడుతున్నది, ఫోను పెట్టు ముందు" అంది.

కూర పారేసి కాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. మేడమ్ ముందు వీపు నిటారుగా పెట్టి చేయి విదిలించిన ఆ ముప్ఫై ఒకటేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఎవరూ జాలి పడకూడదని ఎంత బిగుసుకుని ఉందో! ఇప్పుడు ఆ పిల్లని చూస్తే నాకు నవ్వొస్తోంది. సిగ్గుతో తల దించుకున్నా ఆ నవ్వు ఆగడం లేదు.