ఎదుటి కుర్చీలో బ్యాగు

ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఆఫీసు ఫుడ్‌కోర్టులో తినేటప్పుడు ఎదుటి కుర్చీలో నా బ్యాగు పెడతాను. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చా అంటే, "మావాళ్ళు వస్తున్నారండీ" అంటాను. ఎవరూ రారు. తినడం అయ్యాక ఫోను చూసుకుని, వాళ్ళకేదో మీటింగు పడినట్టు మొహం పెట్టి లేస్తాను.

మా టీములో నాకు దగ్గరైంది చందానగర్ అమ్మాయి ఒక్కతే. మధ్యాహ్నం ఆమె మా టీము లీడ్ వాళ్ళ గుంపులో తినేది. సాయంత్రం క్యాబులో మాత్రం నా పక్కనే కూర్చుని, "ఇయ్యాల ఏం కథ సదివినవే?" అని అడిగేది. కూకట్‌పల్లిలో దిగేదాకా చెబుతూనే ఉండేదాన్ని. నలుగురిలో నోరు పెగలని నాకు అక్కడ అన్ని మాటలు ఎలా వచ్చేవో.

ఒకసారి ఒక పాత కథ చెప్పాను. అందులో ఒంటరి ఆడమనిషి రోజూ అరుగు మీద రెండు గ్లాసుల్లో మజ్జిగ పోసి కూర్చుంటుంది. రెండో గ్లాసు ఆశకు గుర్తని ముందుమాటలో రాశారు. "నాకలా అనిపించలేదు. ఎవరో వస్తారని కాదు, ఎవరూ రారని వీధిలో తెలియకూడదని పెట్టింది" అన్నాను. ఆమె ఆ ముక్క నాచేత మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. నా మాట మనసుకు తగిలిందనుకున్నాను.

ఆ శుక్రవారం టీము మీటింగులో తలా ఒక నచ్చిన విషయం చెప్పాలి. ఆమె ఆ కథే చెప్పింది, నా మాటలతోనే. చప్పట్లు కొట్టారు. దానికి నాకు పెద్దగా బాధ కలగలేదు. కొంచెం గర్వంగా కూడా ఉంది.

"గింత డీప్‌గ ఎట్ల ఆలోచించినవ్?" అన్నాడు లీడ్.

ఆమె నవ్వుతూ నావైపు చెయ్యి చూపించింది. "ఏముందన్నా, మనకాడ గూడ ఒకామె ఉంది గదా! రోజూ ఎదురుంగ బ్యాగును కూసోబెట్టుకొని తింటది."

"బ్యాగుకి పప్పు వడ్డిస్తారాండీ, సాంబారా?" అన్నారెవరో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బ్యాగు సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. అంటే ఆ గుంపులో కూర్చుని ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది.

సోమవారం నుంచి ఆమె వేరే క్యాబులో వెళ్ళేది. మేం చివరిగా మాట్లాడుకున్నది ఆ శుక్రవారమే, లిఫ్టు దగ్గర.

"ఇన్నాళ్ళూ చూశావు కదా. ఒక్కరోజైనా వచ్చి కూర్చోవచ్చు కదే?" అన్నాను.

ఆమె లిఫ్టు తలుపు వైపే చూస్తూ మెల్లగా అంది:

"కూసుందామనే అనుకున్న. నీకాడ కూసుంటే ఇగ నన్ను గూడ పిలువరే."