అత్తయ్యగారి జిమ్ము

మా ఇంటి వెనకవైపు ఒక చిన్న గది ఉంది. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఏడు. అదెందుకో కట్టిన మేస్త్రికీ తెలియదు, కట్టించిన నాకూ తెలియదు. గోడలు లేచాక చూస్తే మిగిలిపోయి ఉంది, అంతే. మిగిలిపోయిన గదిలోకి మిగిలిపోయిన సామానంతా చేరింది. ఒలవని కొబ్బరికాయలు, తిరగని టేబుల్ ఫ్యాను, బాగుచేస్తానని తెచ్చి మర్చిపోయిన నీళ్ల మోటార్లు మూడు. నేను మోటార్ల మెకానిక్కుని. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ కుదరక బడి మానేసి, ఈ పనిలో పడ్డాను. ఊళ్లో అందరి మోటార్లూ నీళ్లు పోస్తాయి. మా ఇంటిది మాత్రం దగ్గుతుంది.

ఆ గదిలో జిమ్ము పెడుతున్నానని తెలిసి కాకా హోటల్ దగ్గర మావాళ్లు నా పొట్ట వంక చూసి తెగ నవ్వేరు. "గది సరిపోద్దేంట్రా?" అన్నాడొకడు. నవ్వుకోనిచ్చాను. జిమ్ము నా కోసం కాదు. మా అత్తయ్యగారి కోసం.

అత్తయ్యగారు ఆలమూరు దగ్గర పల్లెటూళ్లో ఒక్కరే ఉంటారు. ఒక్కరే అంటే మాత్రం ఒప్పుకోరు. "గేదె ఉంది కదండీ" అంటారు. ఆ గేదెకి నీళ్లు పెట్టబోయి కుళాయి దగ్గర నాచు మీద కాలుజారి పడ్డారు. కుడి జబ్బ ఎముక, భుజానికి కాస్త కింద విరిగింది. గేదెని పక్కింటివాళ్లకి అప్పజెప్పి, ఆవిడని మా ఇంటికి తీసుకొచ్చాం. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి వేలాడేసుకుని ఉండీ ఉండీ భుజం బిగుసుకుపోయింది. తుప్పు పట్టిన మోటారు షాఫ్టులాగన్నమాట. చెయ్యి నడుం దాటి పైకి రావడం లేదు. జుట్టు ముడి కూడా మా ఆవిడే వేస్తోంది.

మా ఆవిడ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పాతికమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషి. తల్లిని కూడా అలాగే కూర్చోబెట్టింది.

"అమ్మా, గేదె చూడితో ఉంది. ఇంకో రెండు నెలల్లో ఈనుతుంది. అప్పటికి నీ చెయ్యి లేస్తే మీ ఊరు వెళ్లు. లేకపోతే గేదెని అమ్మేసి, ఇల్లు తాళం పెట్టేసి ఇక్కడే ఉండు."

అత్తయ్యగారు ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని, అదేదో తప్పు చేసిన పిల్లైనట్టు దానివంక చూసేరు.

అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. చిన్నపిల్లే గానీ చేతిలో ఒడుపు ఉంది. రోజూ అంత దూరం రావడం కష్టమని తనే గ్రహించి, "ఇంట్లోనే చిన్న ఏర్పాటు చేసుకోండి అంకుల్. పెద్ద మిషన్లేం అక్కర్లేదు" అంటూ మందుల చీటీ వెనక బొమ్మలు వేసిచ్చింది. తల మీదుగా ఒక గిలక, దానికో తాడు. మంచి చేత్తో ఒక కొస కిందికి లాగితే, రెండో కొస పట్టుకున్న చెయ్యి పైకి లేస్తుంది. ఒక కర్ర. ఒక రబ్బరు బెల్టు. గోడ మీద మెట్లలాగా గీతలు. వేళ్లు ఆ గీతల మీద చీమలా పైకి పాకాలట. ఎదురుగా ఒక అద్దం. "భుజం చెవివైపు ఎగబాకుతోందేమో ఆవిడే చూసుకోవాలి. నొప్పి వచ్చిన చోట ఆగాలి. ఆగాలి అంకుల్, గుర్తుపెట్టుకోండి" అంది.

రెండు రోజుల్లో గది ఖాళీ చేశాను. కొబ్బరికాయలు పెరట్లోకీ, మోటార్లు వాటి సొంతదారుల ఇళ్లకీ వెళ్లాయి. ఒకాయన తన మోటారుని గుర్తుపట్టలేదు కూడా. నేల మీద చాప పరిచి, గోడ మీద మెట్లలా గీతలు గీశాను. నూతి గిలకొకటి ఉంటే కడిగి, దూలానికి కొక్కెం వేసి తగిలించాను. ముందు కొబ్బరి తాడు కట్టాను గానీ అరచెయ్యి గీసుకుపోతుందని తీసేసి నూలుతాడు వేశాను. కర్ర కోసం బూజుకర్ర చీపురు ఊడదీశాను. నీళ్ల సీసాల్లో ఇసక పోసి అరకిలో బరువులు రెండు చేశాను. ఊడిన బీరువా తలుపుకి అద్దం ఉంటే దాన్నే గోడకి నిలబెట్టాను. ఆవిడకి చెమట ఎక్కువని టేబుల్ ఫ్యాను కూడా బాగుచేశాను. గిలక కిర్రుమంటుంటే గ్రీజు దట్టంగా పట్టించాను. కిర్రుమనే మిషను నా చేతి కింద ఉందంటే నాకు నామోషీ. లాగితే తాడు వెన్నలా జారింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మా ఆవిడ వచ్చి గది చుట్టూ చూసింది. గోడ మీద గీతల దగ్గర తల్లిని నిలబెట్టి, సరిగ్గా ఆవిడ నడినెత్తి ఎత్తులో తిలకంతో ఎర్రగా అడ్డగీత గీసింది. "నెత్తిమీద గడ్డిమోపు పట్టుకోవాలంటే చెయ్యి ఇక్కడిదాకా రావాలి. ఈ గీత అందుకుంటే మీ ఊరు. లేకపోతే గేదె సంతకి."

అంతా బాగానే ఉంది గానీ, అసలు చిక్కు వేరే ఉంది. మా ఆవిడ పొద్దున్నే వెళ్లిపోతుంది. దగ్గరుండి చేయించాల్సింది నేను. అత్తయ్యగారేమో ఇరవై రెండేళ్లుగా అల్లుడి ఎదుట కూర్చుని ఎరగరు. నేను సావిట్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి వెళ్తారు. నేను మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే ఆవిడ పెరట్లోకి వెళ్తారు. ఒకసారి తెలియక నేను పెరట్లోకి కూడా వెళ్లాను. పాపం, గోడ దూకడం ఒక్కటే తక్కువ. మాట్లాడినా తలుపు చాటునుంచే. అదీ ఒక్కటే మాట, "ఆయ్." మావైపు ఆ మాటకి అలాగేనండీ అని అర్థం. ఎండగా ఉందండీ అంటే ఆయ్. వాన వచ్చేట్టుందండీ అంటే ఆయ్. అటువంటి మనిషి నా ఎదుట చేతులెత్తి కసరత్తు చేస్తారా?

అందుకని గుమ్మానికి పాత చీర తెర కట్టాను. ఆవిడ లోపల, నేను బయట పీట మీద. నేను అంకె చెప్పాలి, ఆవిడ తాడు లాగాలి, లాగినట్టు ఆయ్ అనాలి. అదీ ఒప్పందం.

"ఒకటండీ అత్తయ్యగారూ."

"ఆయ్."

"రెండండీ."

"ఆయ్."

పదికి పది ఆయ్‌లు. కాస్త ఆగి మళ్లీ పది. రోజుకి మూడుసార్లు. ఎంత క్రమమండీ ఆ గొంతులో! నెల రోజులు అలా గడిచాయి. ఇంకో నెల్లో కాకా హోటల్ దగ్గర ఎవరి భుజం పట్టేసినా నా దగ్గరికే పంపుతారనుకున్నాను. అమలాపురం తీసుకెళ్లేసరికి ఆ అమ్మాయి చెయ్యి ఎత్తించి చూసి, నావైపు తిరిగింది.

"అంకుల్, నిజంగా చేయిస్తున్నారా?"

"అయ్యో, రోజుకి అరవై అమ్మా!"

"అరవై చేసిన భుజం కాదిది."

దారిపొడుగునా ఆటోలో నేను మాట్లాడలేదు. అత్తయ్యగారూ మాట్లాడలేదు. అది మామూలే గానీ, ఆ రోజు మరీ మాట్లాడలేదు.

మర్నాడు మళ్లీ పీట వేసుకుని మొదలెట్టాను. నాలుగు అన్నాను. ఆయ్ అన్నారు. ఐదు అన్నాను. అప్పుడే ఫ్యాను గాలికి తెర ఒక పక్కకి ఎగిరింది. ఎదురుగా అద్దం. అద్దంలో అత్తయ్యగారు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చాప మీద బాసింపట్టు వేసుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలా బుద్ధిగా, "ఆయ్" అన్నారు. తాడు కదల్లేదు.

ఆరు అనలేకపోయాను. తెర మళ్లీ మూసుకుంది.

"అత్తయ్యగారూ, ఇన్నాళ్లూ ఆయ్ అన్నది చెయ్యా, నోరాండీ?"

లోపల చాప మీద సర్దుకుని కూర్చున్న చప్పుడైంది.

"నోరండీ" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. అయితే లోపలినుంచి ముక్కు చీదిన చప్పుడు వినపడేసరికి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"మొదట్లో రెండ్రోజులు లాగేనండీ. ప్రాణం పోయినంత నొప్పండీ. నొప్పని చెబితే, ఇక లేవదులే, గేదెని అమ్మేద్దాం అంటుందండి మా అమ్మాయి. మీరేమో పనులు మానుకుని గదంతా చేసేరు. లేవట్లేదండీ అని మీతో ఎలా అననండీ?"

"అలాగే అనాలండీ. లేవట్లేదు అనాలి. ఇరవై రెండేళ్లలో నాతో ఒక్కసారైనా కాదు అన్నారా మీరు?"

"అల్లుడుగారితో కాదంటారేంటండీ!"

"మొన్న బీరకాయ కూర నేను చేశాను. ఎలా ఉందన్నాను. బావుందన్నారు."

చాలా మర్యాదగా అన్నారు. "ఉప్పు వెయ్యలేదండీ మీరు."

ఆ రోజు మధ్యాహ్నం రెండు పనులు చేశాను. ఒకటి, ఒప్పందం మార్చాను. ఇక ఆయ్ అనకూడదు. నొప్పి వస్తే "చాలండీ" అనాలి, అంతే. రెండోది, కిరోసిన్ గుడ్డతో గిలకకున్న గ్రీజంతా తుడిచేసి, చిటికెడు ఇసక కూడా చల్లాను. మోటార్లలో ఇసక పడితే జనాన్ని చెడామడా తిట్టేవాణ్ణి, చేతులారా ఇసక పోసుకున్నాను. తాడు పట్టి లాగితే గిలక కాకిలా అరిచింది. ఆవిడ మర్యాద ఆవిడది, తెర అలాగే ఉంటుంది. తాడు కదిలిందో లేదో గిలక చెబుతుంది.

"ఒకటండీ."

కిర్ర్. సగం కిర్రు.

"చాలండీ!"

"చాలు. రేపు ముప్పావు కిర్రు చూద్దాం. రెండండీ."

"అల్లుడుగారూ, ఒకటి అనకండీ. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అంటామా ఏంటి? లాభం అనాలండీ."

ఆవిడ నన్ను తప్పుపట్టడం అదే మొదలు. అప్పటినుంచి నేను లాభం, రెండు, మూడు అని చెబుతున్నాను. ఆ గదిలో కిర్రుకిర్రు వింటూ పీట మీద కూర్చున్నప్పుడు నాకో సంగతి తట్టింది. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్యా ఇన్ని మాటలు ఎప్పుడూ నడవలేదు. ఆవిడ పెళ్లికి ముందు ఈత కొట్టేవారట. గోదావరి పాయలో, అన్నదమ్ములతో పందెం వేసి. తెర అవతలినుంచి ఆ కబుర్లు చెబుతూ ఆవిడ నవ్వుతుంటే, ముప్పావు కిర్రు దాటిపోయినా ఇద్దరమూ గమనించలేదు.

చెయ్యి గీత గీతా ఎక్కింది. గడ్డం దాటింది, చెవి దాటింది. ఒక రోజు వెనకనుంచి చూస్తే జుట్టు ముడి కాస్త పక్కకి ఉంది. మా ఆవిడ వేసింది కాదని తెలిసిపోయింది. అక్కడినుంచి చెయ్యి ఎర్రగీతకి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. వారం రోజులు ఎంత చేసినా అంతే. పక్కింటివాళ్ల ఫోను వచ్చింది, గేదె పొదుగు దించింది, నాలుగైదు రోజుల్లో ఈనేస్తుందని.

నేను బుర్ర తక్కువ పనొకటి చేశాను. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు తడిగుడ్డతో ఆ ఎర్రగీత తుడిచి, మా ఆవిడ తిలకం సీసా తెచ్చి, రెండు వేళ్లు కిందికి కొత్త గీత గీశాను. చక్కగా కుదిరింది. సాయంత్రం మా ఆవిడ వచ్చింది, తల్లిని గోడ దగ్గర నిలబెట్టింది. వేళ్లు చీమలా పాకాయి. గీత అందింది. మా ఆవిడ మొహం విప్పారింది.

అత్తయ్యగారు చెయ్యి దించలేదు. గోడవైపే చూస్తూ, "ఇది నీ గీత కాదే" అన్నారు. గుమ్మం దగ్గర నేనున్నానని తెలుసు. తెర ఆవిడే పక్కకి తీసి, మొట్టమొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసేరు.

"వద్దండీ అల్లుడుగారూ. గీత పైన పెట్టెయ్యండీ. గడ్డిమోపుకి మీ గీత తెలీదు కదండీ."

మా ఆవిడ నా వేళ్లకున్న ఎర్రరంగు చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను గానీ, అది నన్ను వదిలేసి తల్లి దగ్గరికి వెళ్లింది.

"మరి ఎలాగమ్మా? అందలేదుగా."

"రెండు వేళ్లేగా. మోపు చిన్నది కట్టుకుంటాను. రెండుసార్లు తిరుగుతాను. చెయ్యి లేవకపోతే లేవలేదని చెబుతానే, దాచను. ఒట్టు."

మా ఆవిడ చాలాసేపు ఆ చేతిని పట్టుకుని నిలబడింది. తర్వాత బీరువా మీదున్న సంచీ దించి, తల్లి చీరలు సర్దడం మొదలెట్టింది. సర్దుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కూడా ఆ గదిలో ఏదో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగాను. ఎనిమిదడుగుల గదిలో ఎంతసేపు వెతుకుతాం.

మేం ముగ్గురం ఆవిడ ఊరు వెళ్లిన మూడోనాడు తెల్లారకట్ల గేదె ఈనింది. పెయ్యదూడ. ఇంకా తడారలేదు, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి పోతున్నాయి. అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు దోపుకుని పొదుగు దగ్గర గొంతుక్కూర్చున్నారు. నేను పాకలోకి వెళ్లినా లేవలేదు. కుడిచెయ్యి ముందుకి చాచి, ఒకసారి ఆగి, పళ్లు బిగించి, చన్ను పట్టుకున్నారు. గేదె తల తిప్పి ఆవిణ్ణి వాసన చూసింది. కాసేపటికి పాలు చేపింది. పచ్చటి ముర్రుపాలు తపేలాలో చిక్కగా పడ్డాయి.

"అలా చూస్తారేంటండీ, దూడని పట్టుకోండి" అన్నారు నాతో.

పట్టుకున్నాను. అది నా చేతుల్లోంచి జారి నా చొక్కా గుండీ చీకుతూ లాగింది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడ్డ కూతురికి వినపడేలా, నా ఎదుటే, గట్టిగా అన్నారు.

"మీ ఆయనకి దూడని పట్టుకోవడం కూడా రాదేమే!"