నాలుగో గీత

ఫిజీలో మా లౌటోకా తెలుగు సంఘం స్వర్ణోత్సవానికి వేయించదలచిన జెండా నమూనాను అధ్యక్షుడు మా ఇంటి బల్ల మీద పరిచాడు. నాకు మొదట కనిపించింది నాలుగో గీత. లేత నీలం గుడ్డ, మధ్యలో తెల్లని చదరం, చదరంలో చుక్క. ఆ చదరానికి మూడు గీతలే ఉండాలి. నాలుగో వైపు ఖాళీగా ఉండాలి. చుక్క చుట్టూ తామర రేకులు కూడా వేశారు. అవి ఎక్కడివో దేవుడికే తెలియాలి.

అధ్యక్షుడు రిటైరైన లాయరు. మా ఆయన తరఫున వరసకు కొడుకు అవుతాడు. "పెద్దమ్మా, మీరు హైస్కూల్లో లెక్కలు చెప్పినవారు. కొలతలు సరిగా ఉన్నాయో లేదో మీరే చూడాలి," అన్నాడు.

కొలతలు సరిగానే ఉన్నాయని చెప్పి, ఈ బొమ్మ ఎక్కడిదని అడిగాను. ఈ మధ్య పోయిన ఒక ముసలావిడ ట్రంకు పెట్టెలో ఇలాంటి గుడ్డ దొరికిందట. వాళ్లూ వీళ్లూ కూర్చుని ఆలోచించి దాని చరిత్ర తేల్చారట.

"చెరకు తోటల్లో గిర్మిట్ ఒప్పందపు కూలీలుగా ఉన్న కాలంలో మన మగవాళ్లు పెట్టుకున్న రహస్య సంఘం పెద్దమ్మా ఇది. మద్రాసు నుంచి మొదటి ఓడ వచ్చిన ఏడే మొదలైంది. ఓవర్సీరు మీద తిరగబడతామని ప్రమాణం చేసినవాళ్లు. నీలం అంటే వాళ్లు దాటిన సముద్రం. చుక్క అంటే వదిలి వచ్చిన దేశం. పాపం ఎవరో కుట్టు మధ్యలో ఆపేశారు, ఒక వైపు ఖాళీగా ఉండిపోయింది. మేం పూర్తి చేశాం."

తేదీ తప్పు, మగవాళ్లన్నది తప్పు, సముద్రం తప్పు. విద్యార్థి పేపరైతే అడ్డంగా కొట్టి వెనక్కి ఇచ్చేదాన్ని. నోరు తెరవడానికి వీల్లేదు. ఆ రహస్య సంఘంలో నేను యాభై ఏళ్లకు పైగా ఉన్నాను. ఉప్పు చేతిలో పట్టుకుని, మగవాళ్లకు చెప్పనని ప్రమాణం చేశాను.

దానికి పేరు లేదు. మా అత్తగారు "పొత్తు" అనేది. మొదటి ఓడ వచ్చిన కొన్నేళ్లకు, ఆవిడ తల్లి కాలంలో మొదలైంది. అప్పుడు గుర్తు గుడ్డ మీద ఉండేది కాదు. కూలి లైన్లలో కుటుంబానికి ఒక గది. ఆ గది తలుపు పక్కన బొగ్గుతో మూడు గీతలు గీసి మధ్యలో చుక్క పెట్టేవాళ్లు. ఇల్లు, ఇంట్లో మనిషి, ఒక వైపు దారి. దారి కిందికి ఉంటే ఇంట్లో అంతా బాగుంది. పైకి ఉంటే, వెంటనే రండి. అంతే. ఓవర్సీరుకూ దానికీ సంబంధం లేదు. ఆ ఆడవాళ్లు భయపడింది ఎక్కువగా సొంత ఇంట్లోనే.

లైన్లు పోయి ఎవరి పొలంలో వాళ్లు ఇల్లు కట్టుకున్నాక ఇంటికీ ఇంటికీ మధ్య చెరకు పెరిగింది. బొగ్గు గీత ఎవరికి కనబడుతుంది? అప్పటి నుంచి పిండి బస్తా గుడ్డ మీద నల్లదారంతో కుట్టి బట్టల తీగ మీద ఆరేయడం మొదలుపెట్టారు. గీసినదాన్ని తిరగేయాలంటే చెరిపి మళ్లీ గీయాలి. గుడ్డనైతే తలకిందులుగా వేస్తే చాలు. ఇంత సులువైన ఉపాయం ఎవరికి తట్టిందో అత్తగారికి కూడా తెలియదు.

నేను లబాసా దగ్గరి వాయిలేవుకు కోడలిగా వెళ్లింది 1970లో, ఫిజీ స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు. కొత్త జెండా ఎగరేసే రోజు కోసం లబాసా దుకాణాలవాళ్లు తోరణాలకు లేత నీలం గుడ్డ తెప్పించారు. పండుగ అయిపోయాక మిగిలినది చవగ్గా అమ్మేశారు. అత్తగారు ఒక తాను కొని, ముక్కలు చింపి పొత్తులోని అందరికీ పంచింది. అధ్యక్షుడి సముద్రం అదీ.

పొత్తులో ఒక పద్ధతి ఉండేది. గుడ్డ తిరగబడి కనిపిస్తే వెళ్లి జల్లెడ అడగాలి. కారణం అడగకూడదు. కూర్చుని లేవకూడదు. నేను మొదటిసారి వెళ్లిన ఇంట్లో ఆవిడ భర్త వరండాలో స్నేహితులతో మత్తునిచ్చే యంగోనా తాగుతున్నాడు.

"భయ్యా, ఛన్నీ దేవో," అని ఊళ్లో అందరూ మాట్లాడే హిందీలో జల్లెడ అడిగింది అత్తగారు. ఆ వెనకే ఇంకొకావిడ వచ్చి అదే అడిగింది. ఆ వెనక నేను.

"ఏందిది, వాయిలేవులో ఛన్నీలన్నీ ఒకే రోజు చిరిగిపోయినాయా?" అన్నాడు ఆయన.

"అందరం ఒకే దుకాణంలో పిండి కొన్నాం భయ్యా. పురుగు పడింది," అంది అత్తగారు, వంటింట్లోకి నడుస్తూ.

మేం అక్కడే కూర్చుని పిండి జల్లించాం. ఇంటినిండా మనుషులుండగా ఆయన చెయ్యి లేవలేదు. పొత్తు చేయగలిగింది అంతే. ఒక్కోసారి అదే సరిపోయేది.

సైన్యం ప్రభుత్వాన్ని దించిన 1987 తర్వాత చాలామంది దేశం వదిలి వెళ్లారు. మేం లౌటోకా వచ్చాం. ఇక్కడ బట్టల తీగలు పెరట్లో ఉంటాయి, వీధికి కనబడవు. అందుకని గుర్తు వంటింటి కిటికీ తెరకు ఎక్కింది. మూలన, అరచేతి అంత. అప్పటికి మేం కొద్దిమందిమి. అందులో అధ్యక్షుడి భార్య ఒకతె. ఆయనకు తెలియదు.

మా ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న అమ్మాయి ఆఖరున చేరింది. బ్యాంకులో పని. భర్త రేవులో పని చేస్తాడు. వీధిలో కనిపిస్తే చేతులు జోడించి నమస్తే అంటాడు, నా సంచీ మోస్తానంటాడు. స్వర్ణోత్సవం ఏడు, జెండా మాట రాకముందే, రెండుసార్లు ఆ అమ్మాయి తెర తిరగబడింది. రెండోసారి ఆమె మెడ చుట్టూ కండువా ఉంది, ఆ ఎండలో. నేను ఏమీ అడగలేదు. ఆమె ఇల్లు వదలడానికి ఇంకా సిద్ధంగా లేదు. సిద్ధమైన రోజున మాకు తెలియజేయడానికి ఆ తెర తప్ప ఆమెకు వేరే దారి లేదు. ఫోను రోజూ సాయంత్రం ఆయన చేతికి ఇవ్వాలి.

అయినా ఆ జెండా మీద నాలుగో గీతను చూస్తే నాకు ఒళ్లు మండింది. అధ్యక్షుడితో అన్నాను, "ఆ కుట్టు మధ్యలో ఆపింది కాదు. అది అంతే. గీత తీసేయ్."

"ఆధారం ఏంటి పెద్దమ్మా?"

"ఆధారం లేదు. తీసేయ్."

"కోర్టులో ఇట్లా అంటే జడ్జి నవ్వుతాడు," అని ఆయనే నవ్వి వెళ్లిపోయాడు.

వారం తిరగక ముందే సంతోషంగా మళ్లీ వచ్చాడు. పాత గుడ్డను భూతద్దం పెట్టి చూశాడట. నాలుగో వైపు సూది గుచ్చిన జాడ కూడా లేదట. "మీరే కరెక్టు పెద్దమ్మా. మూడు గీతలే వేయిస్తాం. లౌటోకాలో ప్రతి తెలుగు ఇంటికీ ఒకటి ఇస్తాం. కిటికీకి కట్టుకున్నా సరే, గేటుకు కట్టుకున్నా సరే. ఎటు తిప్పి కట్టినా అందంగానే ఉంటుంది."

ఎటు తిప్పి కట్టినా. అప్పుడు నాకు అర్థమైంది, నేను ఏం చేయబోయానో. ఊరంతా కిటికీల్లో ఆ గుర్తే, సగం తలకిందులుగా. అందులో ఆ అమ్మాయిది ఏదని వెతుక్కోవాలి?

"వద్దు," అన్నాను. "నాలుగు గీతలే వేయించు."

"అదేంటి పెద్దమ్మా! మొన్న మీరే కదా..."

"మొన్న పొరపాటు."

"మీరా? పొరపాటా?"

కమిటీ సమావేశం వాళ్లింట్లోనే పెట్టారు. ఆధారం చేతిలో పెట్టుకుని తప్పు ఎట్లా అచ్చు వేయిస్తానని అధ్యక్షుడు పట్టు పట్టాడు. ఆ మాట నేను అనవలసినది. జీవితమంతా అన్నదాన్ని. దానికి ఎదురుగా కూర్చుని తప్పు వైపు వాదించవలసి వచ్చింది, అదీ సరిగా చేతకాలేదు. మూడు గీతల పెట్టె అరిష్టమన్నాను. పెద్దవాళ్లు అలా అనేవాళ్లన్నాను. ఏ పెద్దవాళ్లని కమిటీ అడిగింది.

టీ ట్రేతో వచ్చిన ఆయన భార్య కప్పులు దించుతూ అంది, "మూడు గీతలు పెట్టి ఊరంతా పంచండి. మన సంఘానికి నాలుగో గోడ కట్టే డబ్బు చాలలేదని అందరూ నవ్వుతారు."

గదిలో నవ్వులు లేచాయి. నాలుగో గీత నిలిచింది.

నేను చివరికి ఒక్కటి అడిగాను. కనీసం జెండా మీద వేస్తున్న ఆ మొదటి ఓడ సంవత్సరం తీసేయమని. బొమ్మ పోతే పోయింది, తేదీ అయినా సరిగా ఉండాలి కదా. "పెద్దమ్మా, అన్నీ మీరు చెప్పినట్టే అంటే ఎట్లా?" అన్నాడు అధ్యక్షుడు. తేదీ అట్లాగే అచ్చయింది.

ఉత్సవాల వారంలో వీధంతా మూసిన చదరాలు వేలాడాయి, తామర రేకులతో సహా. బుధవారం పొద్దున్న నేను గేటు తీస్తుంటే ఆ అమ్మాయి వంటింటి తెర కనిపించింది. చదరానికి మూడే గీతలు. దారి పైకి ఉంది. వెతకవలసిన పని పడలేదు.

అధ్యక్షుడి భార్యకు ఫోను చేశాను. ఇద్దరం వెళ్లాం. భర్త తలుపు తీశాడు. "ఆజీ, కా చాహియే?" అన్నాడు మర్యాదగా, ఏం కావాలి అవ్వా అని.

"ఛన్నీ బేటా."

"ఈ రోజుల్లో ఛన్నీ ఎవరు వాడతారు ఆజీ? దుకాణంలో పిండి జల్లించే వస్తుంది కదా."

"స్వర్ణోత్సవానికి లడ్డూలు చేస్తున్నాం. మా ఆయన అధ్యక్షుడు కదా, పిండిలో ఉండలుంటే పరువు పోతుందంటాడు," అంది నా పక్కనున్నావిడ. "మీ ఆవిడని కూడా పంపండి. చేతులు చాలడం లేదు."

అధ్యక్షుడి ఇల్లు అనగానే అతను అడ్డు చెప్పలేకపోయాడు. అమ్మాయి చేతిసంచీ ఒకటి తీసుకుని బయటికి వచ్చింది. కుడి కన్ను సగం మూసుకుపోయి ఉంది. లడ్డూలకు ఎవరూ వెళ్లలేదు. బస్టాండుకు వెళ్లి తవువా బస్సు ఎక్కించాం. ఆ ఊళ్లో వాళ్లక్క ఉంది. బస్సు కదిలేదాకా ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు.

శనివారం సభలో అధ్యక్షుడు మైకు ముందు అన్నాడు, "ఈ చిహ్నాన్ని మా పెద్దమ్మగారు స్వయంగా పరిశీలించి ధ్రువీకరించారు." పిల్లలకు అర్థం చెప్పమని నన్ను వేదిక మీదికి పిలిచాడు. నాలుగు గీతలు నాలుగు దిక్కులని చెప్పాను. ఇంకేం చెప్పను? ముందు వరసలో ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చప్పట్లు కొట్టారు. అంత కోపంతో నేనెప్పుడూ చప్పట్లు వినలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆ గుర్తు ఇక లేదు. ఆ భర్తకు అనుమానం వచ్చి ఉంటుందని, జల్లెడ సాకు కూడా పాతబడిందని పొత్తులోని చిన్నవాళ్లు రెండూ మార్చేశారు. నన్ను అడగలేదు. కొత్తది ఏమిటో చెప్పను. కానీ అది నాకు నచ్చలేదు. దాని కొలతకు లెక్క లేదు, ఒక వైపు పెద్దది, ఒక వైపు చిన్నది. తవువా నుంచి ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు ఆ మాటే చెప్పాను. ఏమేం సరిచేయాలో కూడా చెప్పడం మొదలుపెట్టాను.

"ఆజీ, ఆజీ, ఆగండి. కిటికీలో చూస్తే మీరు గుర్తు పట్టగలరా, లేదా?"

"పట్టగలను."

"అయితే చాలు," అంది.

చాలదు. కానీ ఇప్పుడు పొద్దున్నే గేటు తీసేటప్పుడు నేను దాని కోసమే చూస్తున్నాను.